తల్లిదండ్రుల పెళ్ళికి ఒక రోజు సెలవు

చేయవలసిన పనులు ఇవి. అమ్మకు చీర కొనాలి. మరీ ఎరుపు కాకూడదు, అలాగని తెలుపు దగ్గరికీ పోకూడదు. చెవుల మీది వెంట్రుకలు కత్తిరించుకోమని దశయ్య మామకు చెప్పాలి, ఆయన నొచ్చుకోకుండా. అమ్మ వాళ్ళన్న పెద్దమామయ్యను ఒప్పించాలి, ఒప్పుకోడనిపిస్తే ఆయన చెవిన పడకుండా చూడాలి. రామమందిరం పూజారిగారికి ముందే చెప్పిపెట్టాలి. పూలదండలు, పసుపుతాడు. ఆ రోజుకి ఇడ్లీ బండిని ఎవరికైనా అప్పగించాలి, చట్నీలో నీళ్ళు పోయని మనిషికి. అన్నిటికన్నా ముందు, సెలవు అడగాలి.

రత్నం ఇవన్నీ ఎక్కడా రాసుకోలేదు. కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్ళు మడిచింది. కూతురి పెళ్ళికి తల్లి మడిచే వేళ్ళు అవి. తల్లి పెళ్ళికి కూతురు మడవాల్సి వస్తే ఆ వేళ్ళక్కూడా కాస్త సిగ్గేస్తుంది.

రత్నం పూర్తి పేరు పెంచలరత్నం, ఊరు సూళ్ళూరుపేట దగ్గర వేనాటిపాళెం. ఆ వంశంలో డిగ్రీ మొహం చూసిన మొదటి మనిషి. తండ్రి ఆమె అయిదో తరగతిలో ఉండగా జ్వరంతో పోయాడు. తల్లి కస్తూరమ్మ 'శుభపాదం' బూట్ల ఫ్యాక్టరీ గేటు బయట ఇడ్లీ బండి పెట్టి ఆమెను బి.కాం. దాకా లాక్కొచ్చింది. ఇప్పుడు రత్నం అదే ఫ్యాక్టరీలో, సిబ్బంది విభాగంలో జూనియర్ అసిస్టెంటు. గేటు బయట తల్లి, గేటు లోపల కూతురు. మధ్యలో దశయ్య.

దశయ్య కంపెనీ బస్సు డ్రైవరు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. రోజూ బండి వెనక్కి పోయి నిలబడి ఇడ్లీ తినేవాడు. ఒకరోజు తన ప్లేటు తానే కడిగి పెట్టాడు. కొన్నాళ్ళకు పక్కవాళ్ళ ప్లేట్లూ కడిగాడు. ఆ తర్వాత ఇడ్లీ కుక్కరు. మగమనిషి గిన్నెలు తోమడం చూసి కస్తూరమ్మ మొదట కంగారుపడింది, తర్వాత అలవాటుపడింది, చివరికి ఆయన బస్సు రాని రోజున చట్నీలో ఉప్పు వేయడం మరిచిపోయింది. ఉప్పులేని చట్నీ తిన్న రోజే రత్నానికి విషయం అర్థమైంది. తల్లిని కూర్చోబెట్టి తనే అడిగింది. కస్తూరమ్మ ఏడ్చి, తిట్టి, నెల్లాళ్ళు మాట్లాడక, ఒక ఉదయం పిండి రుబ్బుతూ తల ఎత్తకుండా చెప్పింది.

"శ్రీరామనవమి నాడైతే సరే. ఆ రోజు ఊరు ఊరంతా పందిట్లో దేవుడి పెళ్ళి చూస్తా ఉంటాది. మన పక్క ఎవురు చూస్తారు? ఆయప్ప పెళ్ళి చాటున మనదీ అయిపోద్ది."

తల్లికి ధైర్యం జీవితంలో ఒక్కసారే వచ్చింది. వాయిదా వేస్తే మళ్ళీ రాదని రత్నానికి తెలుసు. అందుకే ఆ ఒక్కరోజు సెలవు కావాలి. అడిగితే ఇచ్చే రోజులైతే ఈ కథే ఉండేది కాదు.

శుభపాదానికి హెడ్డాఫీసు వియత్నాంలో ఉంది. ఇక్కడి జనరల్ మేనేజర్ విద్యాసాగర్‌గారు కిందటేడు అక్కడికి వారం రోజుల శిక్షణకు వెళ్ళి, కోసుగా ఉండే తాటాకు టోపీ ఒకటీ, కొత్త భక్తి ఒకటీ తెచ్చుకున్నారు. టోపీని సీటు వెనక గోడకు తగిలించారు. భక్తిని ఫ్యాక్టరీకి తగిలించారు.

"ఒకే సంస్థ, ఒకే క్యాలెండర్!" అన్నారు మీటింగులో. "అక్కడ మెషిను ఆగినప్పుడు ఇక్కడ ఆగాలి. అక్కడ తిరిగినప్పుడు ఇక్కడ తిరగాలి. దీన్నే ఎలైన్‌మెంట్ అంటారు. ఎలైన్‌మెంట్ అన్నది సగం సగం జరిగే విషయం కాదు."

చట్టం తప్పదన్న జాతీయ దినాలు మాత్రం మిగిల్చి, తక్కిన సెలవులన్నీ ఒక్క కలంపోటుతో వియత్నాంవి అయిపోయాయి. సంక్రాంతికి అందరూ బూట్లు కుట్టారు. ఆ తర్వాత వాళ్ళ కొత్త సంవత్సరం వచ్చింది, టెట్. వరసగా సెలవులే సెలవులు. "టెట్‌కి సెలవిచ్చారత్తా" అని కుట్టు సెక్షను కోడళ్ళు ఇంటికెళ్ళి చెబితే, అత్తలు టీచరు పరీక్ష అనుకుని పెరుగూ చక్కెరా పెట్టి, పుస్తకాలు తియ్యమని వెంటపడ్డారు.

ఉగాది విషయంలో ఇంకో చిక్కు వచ్చింది. వియత్నాంలో పనిచేసే విదేశీయులకు వాళ్ళ సంప్రదాయ కొత్త సంవత్సరానికి ఒక రోజు అదనంగా ఇస్తారు. ఆ నిబంధన విద్యాసాగర్‌గారికి తెగ నచ్చింది. "చూశారా ఎంత ఉదారమో! ఉగాది కావలసినవాళ్ళు విదేశీయులుగా నమోదు చేసుకోండి" అన్నారు. మరునాటి నుంచి ఫ్యాక్టరీలో అందరి మెడలోనూ 'విదేశీ ఉద్యోగి' అన్న బిళ్ళ వేలాడింది.

"మా ఇంటి వాకిట్లోనుంచి చూస్తే ఈ ఫ్యాక్టరీ పొగ్గొట్టం కనపడతాది," అంది కుట్టు సెక్షను మస్తానమ్మ, బిళ్ళను తిప్పి తిప్పి చూస్తూ. "నేను విదేశానికి ఎప్పుడు పొయినానబ్బా? ఎవురూ చెప్పనేలేదే! తెలిసుంటే ఇంకో చీర కట్టుకోనుండునే!"

ఈ విధానాన్నంతా తెలుగు చేసి నోటీసు బోర్డులో పెట్టే పని రత్నానిది. చేస్తూ చేస్తూ ఒకచోట ఆగిపోయింది. ఉద్యోగి తండ్రి గాని తల్లి గాని పెళ్ళి చేసుకుంటే ఒక రోజు సెలవు, అని ఉంది. ఆ దేశపు చట్టంలో అది జీతం లేని సెలవట. హెడ్డాఫీసు పెద్దమనసు చేసుకుని జీతం కూడా కలిపింది.

రత్నం కాయితం పట్టుకుని విద్యాసాగర్‌గారి గదిలోకి వెళ్ళింది.

ఆయన చదివి, కళ్ళజోడు తీసి, పొట్ట కదిలేలా నవ్వారు. "తండ్రి పెళ్ళికి సెలవా! మనవాళ్ళు 'ఏం, నీ బాబు పెళ్ళా' అని తిట్టుకుంటారే, దాన్ని పట్టుకొచ్చి పాలసీలో పెట్టారు!"

"తీసేయమంటారా సార్?"

"తీసేస్తే ఎలైన్‌మెంట్ ఏమవుతుందమ్మా? ఉండనీ. మన సంస్కృతిలో దీన్ని వాడుకునేవాడు పుట్టలేదు, పుట్టడు. పైసా ఖర్చులేని దాతృత్వం. ఇలాంటివే నాలుగుంటే సంస్థకు మంచి పేరు."

రత్నం సీటుకొచ్చి కూర్చుంది. 'తల్లి పెళ్ళికి' అని రాయబోయింది. చెయ్యి రాలేదు. ఆ రెండు మాటలూ పక్కపక్కన ఆమె ఎక్కడా చదవలేదు, ఎవరి నోటా వినలేదు. అలా రాస్తే బోర్డు చూసిన ప్రతివాడూ గేటు బయటి ఇడ్లీ బండి వైపే తిరిగి చూస్తాడనిపించింది. కాసేపు తటపటాయించి, చదువుకున్నవాళ్ళు రాసే పద్ధతిలో గౌరవంగా, గుట్టుగా రాసింది:

'తల్లిదండ్రుల పెళ్ళికి ఒక రోజు పూర్తి జీతంతో సెలవు.'

తెలుగులో తల్లిని తండ్రినుంచి విడదీయడం అంత తేలిక కాదు. రెండూ కలిసి ఒక్క మాటైపోయాయి. ఆ మాటకే ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ అంతా చిక్కుకుంది.

ఆ ఏడు శ్రీరామనవమి పని దినం. మరునాడు, దశమి, మాత్రం సెలవు. వియత్నాం వాళ్ళు తమ తొలి రాజులను తలచుకునే పండగ ఆ రోజున పడింది. 'వియత్నాం రాజుల తద్దినం' అని కుట్టు సెక్షనులో దానికి పేరు పెట్టారు.

"ఒక్కరోజు తేడా!" అని విద్యాసాగర్‌గారు ఉత్సాహపడ్డారు. రామమందిరం కమిటీకి ఉత్తరం పంపారు: 'ఉభయ సంస్కృతుల సమన్వయార్థమై, తమరు నిర్వహించు కల్యాణ కార్యక్రమమును నవమి నుండి దశమికి మార్చుకొనగలరని ఆశించుచున్నాము. కలిగిన అసౌకర్యమునకు చింతిస్తున్నాము.' పూజారిగారు రెండుసార్లు చదువుకుని, "రాములవారికి ఫోను చేశాను, ఆయన ఎత్తడం లేదు" అని కబురు పంపారు.

ఆ కబురు వచ్చిన మధ్యాహ్నమే మస్తానమ్మ సిబ్బంది విభాగంలోకి వచ్చి నిలబడింది. విద్యాసాగర్‌గారు అక్కడే ఉన్నారు.

"నవమి నాడు నాకు సెలవు గావాల సార్. జీతంతో."

"కారణం?"

"మా అమ్మానాయనల పెళ్ళి."

"మీ అమ్మానాన్నల పేర్లు?"

"అమ్మ సీతమ్మ. నాయన రామయ్య."

విద్యాసాగర్‌గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నీ పేరు మస్తానమ్మ. దర్గా మొక్కుకు పెట్టిన పేరు. నీ తండ్రి రామయ్యా?"

"పేరుకేముంది సార్? మీరు విద్యాసాగర్ గదా. మీలో ఉప్పుందా, చేపలుండాయా?"

వెనక నిలబడ్డవాళ్ళు కిసుక్కుమన్నారు. మస్తానమ్మ నోటీసు బోర్డు వైపు చెయ్యి చూపించింది. "సీతారాములు జగత్తుకి తల్లిదండ్రులు అని పూజారయ్య యేటా మైకులో చెప్తాడు. మనం గూడా జగత్తులోనే గదా ఉండేది? లేకుంటే ఎలైన్‌మెంటులో జగత్తులోనుంచి గూడా తీసేసినారా?"

ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పే అధికారం ఏ ఒక్క అధికారికీ ఉండదు. అందుచేత కమిటీ వేశారు. దాని పేరు వివాహ నిర్ధారణ కమిటీ. అది సమావేశమై, బిస్కెట్లు తిని, మళ్ళీ సమావేశమైంది. సదరు దంపతులు జగత్తుకు తల్లిదండ్రులన్న స్థానిక విశ్వాసాన్ని సంస్థ సూత్రప్రాయంగా గౌరవిస్తుందని తేల్చింది. అయితే అదే పెళ్ళి ప్రతియేడూ జరగడం పునర్వివాహం కిందికి వస్తుందా, లేక వార్షిక నిర్వహణ కిందికి వస్తుందా అన్న చోట ఏకాభిప్రాయం కుదరలేదు. వార్షిక నిర్వహణ అయితే మెషిన్ల విభాగం సంతకం పెట్టాలి. చివరికి హెడ్డాఫీసుకు రాశారు.

హెడ్డాఫీసులో సెలవులు చూసేది లాన్ అనే ఆవిడ. మర్యాదస్తురాలు. దంపతుల ఫోటో జతచేయమంది. కమిటీ కిరాణా కొట్టు క్యాలెండరులోని పట్టాభిషేకం బొమ్మను ఫోటో తీసి పంపింది. రెండో రోజు జవాబు వచ్చింది:

'ఉద్యోగి తల్లిదండ్రులకు మా హృదయపూర్వక శుభాకాంక్షలు. సెలవు మంజూరు. కుటుంబమంతా ఎంతో కలిసికట్టుగా కనిపిస్తోంది. పాదాల దగ్గర మోకాలి మీద కూర్చున్న ఆయన ఏ విభాగం? ఆయన నిబద్ధత చూసి మేమంతా చాలా ముచ్చటపడ్డాం.'

మస్తానమ్మకు సెలవు మంజూరైందన్న వార్త కటింగు సెక్షనుకు చేరేలోపే ప్యాకింగు సెక్షను అప్లికేషన్లు రాయడం మొదలుపెట్టింది. సాయంత్రానికి రత్నం బల్ల మీద సీతారాముల సంతానం కుప్పపడింది. కటింగు సెక్షను ఖాజా మాత్రం వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మరి నా సంగతేంది రత్నమ్మా? ఆయన మా నాయనని రాస్తే మా ఇంట్లో మా నాయన ఊరుకోడు."

"ఖాజా మాకు మేనమామ కొడుకు," అంది మస్తానమ్మ వెనకనుంచి. "యేటా పందిట్లో పానకం పంచేదే వాడు. మేనమామ వరస లేకుండా పెళ్ళి యాడన్నా జరగతాదా? రాసుకో రత్నం."

కమిటీ దానికీ ఒప్పుకుంది. కాని ఆ సాయంత్రమే ఇంకో ప్రమాదం బయటపడింది. ఒకే తల్లిదండ్రుల పిల్లలు తోబుట్టువులు. తోబుట్టువులు ఒకే లైనులో పనిచేయకూడదని పాలసీలో మరోచోట ఉంది, పక్షపాతం రాకుండా. అంటే ఇప్పుడు ఎవరూ ఎవరి పక్కనా కూర్చోకూడదు. మెషినుకీ మెషినుకీ మధ్య అట్టతో తడికలు కట్టించారు. అన్నను చెల్లి చూడకుండా, చెల్లిని అన్న చూడకుండా బూట్లు కుట్టడం మొదలైంది. ఎడమకాలి బూటు కుట్టేవాళ్ళకు కుడికాలిది కనపడక, ఆ వారం తయారైనవి చాలామటుకు ఎడమవే.

ప్యాకింగులో మునికృష్ణ, సుగుణ మొగుడూ పెళ్ళాలు. పెళ్ళై ఏడాది తిరగలేదు. వాళ్ళను పిలిపించారు.

"మీరిద్దరూ ఒకే తల్లిదండ్రుల సంతానమని విడివిడిగా రాసిచ్చారు," అన్నారు విద్యాసాగర్‌గారు గంభీరంగా. "ఒకే ఇంట్లో భార్యాభర్తలుగా ఉంటున్నారు. వివరణ కావాలి."

సుగుణ మొగుడి వైపు చూసింది. మొగుడు నేల చూశాడు.

"నేను కూతుర్ని కాదు సార్, కోడల్ని," అంది సుగుణ.

"అత్తమామల పెళ్ళికి సెలవు పాలసీలో లేదు."

"అట్టైతే నేనే కూతుర్ని సార్. ఇతను అల్లుడు. ఇతనికి కోసేయండి. యేడాదినుంచి పండగలన్నిటికీ ఇంట్లో వంట నేనే చేసినా. ఈ తూరి ఇతను డ్యూటీకి పోతాడు, నేను పెళ్ళికి పోతా."

మేనమామ కొడుక్కి ఇచ్చాక అల్లుడికి కొయ్యడం బాగుండదని ఇద్దరి సెలవులూ ఉంచేశారు. ఆ రోజంతా ఫ్యాక్టరీలో మునికృష్ణను అందరూ 'బావా' అనే పిలిచారు.

ఇంత గోలలోనూ రత్నం తన అప్లికేషన్ రాసింది. మస్తానమ్మ అది చూసి నెత్తి కొట్టుకుంది.

"పిచ్చిదానా, అందరి మాదిరి నువ్వు గూడా సీతారాములనే రాయి. కళ్ళు మూసి తెరిచేలోపల సంతకం పడతాది. నీకేం నెప్పి?"

"మా అమ్మ పెళ్ళికి మా అమ్మ పేరే రాస్తానక్కా," అంది రత్నం. "దేవుడి పేరు చెప్పుకుని పోతే, మా అమ్మ చేసుకునేది పెళ్ళి కాదన్నట్టుంటుంది."

మస్తానమ్మ అప్లికేషనును మళ్ళీ ఒకసారి చదివి, పైటతో కళ్ళు ఒత్తుకుని, "దశయ్యన్నా? మన దశయ్యన్నా?" అంది. "గిన్నెలు తోముతుంటే అనుకుంటానే ఉండా!"

విద్యాసాగర్‌గారు చాలాసేపు చదివారు. ఆయన చెడ్డమనిషి కాదు. నిబంధన ఉన్నప్పుడు మంచిచెడ్డలతో పని ఉండదని మాత్రం గట్టిగా నమ్మిన మనిషి.

"అమ్మాయ్, నాకు వ్యక్తిగతంగా అభ్యంతరం లేదు. అభ్యుదయమే. కాని నిబంధన చూడు. నువ్వు రాసిందే. 'తల్లిదండ్రుల పెళ్ళి.' తల్లి ఉంది, సరే. తండ్రి ఏడీ?"

"చనిపోయారు సార్. చిన్నప్పుడే."

"అయితే తండ్రి గైర్హాజరు."

"ఇంగ్లీషులో తండ్రి గాని తల్లి గాని అని ఉంది సార్. తప్పు నాదే. నేను సిగ్గుపడి..."

"బోర్డు మీద పడ్డాక తప్పనేది ఉండదమ్మా, నిబంధనే ఉంటుంది. ఆ మాట మీదే ఇంతమందికి సెలవు మంజూరైంది. ఇప్పుడు దాన్ని మారిస్తే ఇందరూ అనాథలైపోతారు." ఆయన గొంతు తగ్గించారు. "పోనీ, సీతారాముల కింద పెట్టుకో. ఇప్పుడే సంతకం పెడతాను."

"అది అబద్ధం సార్."

"అబద్ధం కాదు, ప్రాసెస్."

రత్నం కదల్లేదు. విద్యాసాగర్‌గారు నిట్టూర్చి 'తిరస్కరించడమైనది' అని రాశారు. తర్వాత ఆయనకో ఆలోచన వచ్చింది. నవమి పని దినమని హెడ్డాఫీసుకు ముందే చెప్పి ఉన్నారు. తలుపులు తెరిచి ఉండాలి. అందరికీ తల్లిదండ్రుల పెళ్ళి ఉంది. ఆయనకూ ఉంది; సూళ్ళూరుపేటలో పెద్ద పందిట్లో కన్యాదానం ఆయనా, భార్యా కలిసి చేసేదే. ఇక డ్యూటీకి మిగిలింది ఎవరు? ఫ్యాక్టరీ మొత్తంలో నిజంగా తల్లి పెళ్ళి ఉన్న ఒకే ఒక్క ఉద్యోగిని.

పెళ్ళికొడుక్కైనా సెలవు దొరికిందా అంటే అదీ లేదు. తన పెళ్ళికి మూడు రోజుల సెలవు సొంత ఉద్యోగులకే. దశయ్య కాంట్రాక్టు మనిషి. "మనుషులు ఎక్కినా ఎక్కకున్నా బస్సు టయానికి పోవాల, షిఫ్టు అయ్యేదాకా బండి దిగి దూరం పోకూడదు" అని కాంట్రాక్టరు తేల్చేశాడు.

ఆ సాయంత్రం కస్తూరమ్మ బండి మూస్తూ అంది. "ఒదిలేయండి. దేవుడు ఒద్దంటుండాడు. ఈ వయసులో నాకేందిది? నలుగురూ నవ్వకముందే..."

"అమ్మా."

"కూతురు లేకుండా, పెళ్ళికొడుకు లేకుండా పెళ్ళేందే? నేనొక్కదాన్నే దండ ఏసుకోనా?"

దశయ్య ఇడ్లీ కుక్కరు తోమిందే తోమాడు. తళతళలాడిపోయింది పాపం అది.

నవమి తెల్లవారింది. దశయ్య ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా వేసుకుని, చెవుల మీద వెంట్రుకలు శుభ్రంగా కత్తిరించుకుని, ఖాళీ బస్సులో రత్నాన్ని ఒక్కతినే ఎక్కించుకుని వచ్చాడు. దారిపొడుగునా ప్రతి స్టాపు దగ్గరా ఆగాడు. ఎవరూ ఎక్కలేదు. ప్రతి ఊళ్ళోనూ మైకులో మంగళవాద్యం.

"నవ్వుతావో ఏడుస్తావో తేల్చుకో పాపా," అన్నాడు అద్దంలో చూసి. "రెండూ ఒకేసారి చేస్తే నాకు రోడ్డు కనపడదు."

రత్నాన్ని గేటులో దింపి, రెండో ట్రిప్పుకి మళ్ళీ ఖాళీ బస్సు తిప్పుకుని పోయాడు.

ఫ్యాక్టరీలో తడికల మధ్య మెషిన్లు మౌనంగా ఉన్నాయి. రత్నం సీట్లో కూర్చుంది. తలుపు తెరిచి ఉన్న మేనేజర్ గదిలోనుంచి గోడ మీది తాటాకు టోపీ ఆమెను చూసింది. ఆమె టోపీని చూసింది. మందిరంలో ఈపాటికి ఎదుర్కోలు అయిపోయుంటుంది. అమ్మ కట్టుకుందో లేదో ఆ చీర.

ఎండ నడినెత్తిని దాటే వేళకు హారను వినపడింది. ఒకసారి కాదు, ఆపకుండా. రత్నం పరుగెత్తుకుని బయటకు వచ్చింది. గేటు ముందు కంపెనీ బస్సు. కిటికీల నిండా తలలు. ఫుట్‌బోర్డు మీద ఖాజా, చేతిలో పానకం బకెట్. మందిరం ముందు స్టాపులో బస్సు ఆగీ ఆగకముందే కుట్టు సెక్షను మొత్తం ఎక్కేసిందట. కస్తూరమ్మను ఇంట్లోనుంచి మస్తానమ్మ చెయ్యిపట్టి ఈడ్చుకొచ్చిందట.

"మా అమ్మానాయనల పెళ్ళి చూసొచ్చినాం!" అని అరిచింది మస్తానమ్మ. "ఇంక మీ ఇంటి పెళ్ళి చూడాల. గేటు తీయబ్బయ్యా!"

గేటు కాపలాదారు వెంకటాద్రి కూడా కాంట్రాక్టు మనిషే, పైగా నిక్కచ్చి. "వేలిముద్ర ఎయ్యకుండా లోపలికి పంపను. నిబంధన."

సెలవులో ఉన్న ఫ్యాక్టరీ మొత్తం వరసలో నిలబడి, పసుపు చేతులతో వేలిముద్రలు వేసి డ్యూటీలోకి వచ్చింది. ఉద్యోగులు కాని ఇద్దరికి మాత్రం సందర్శకుల చీటీలు రాశాడు. పూజారిగారి చీటీలో 'వచ్చిన పని: పెళ్ళి చేయుటకు'. కస్తూరమ్మ చీటీలో 'వచ్చిన పని: పెళ్ళి చేసుకొనుటకు'. వెనక్కి ఇవ్వవలసిన సమయం దగ్గర కాసేపు ఆలోచించి, గీత పెట్టాడు.

డ్రైవరు బస్సు వదిలి దూరం పోకూడదు గనుక పెళ్ళి బస్సులోనే జరిగింది. దశయ్య స్టీరింగు ముందు, ఇంజను మూత మీద కస్తూరమ్మ. చిలకపచ్చ చీర. దశయ్య బాసికం కట్టుకుని తల దించుకుంటే అది హారనుకు తగిలి, బస్సు ఉన్నట్టుండి కెవ్వుమంది. మేళం లేని లోటు తీరిందన్నారు పూజారిగారు. రాములవారి పందిట్లో మిగిలిన తలంబ్రాలే తెచ్చారు. మూడో ముడి పడుతుంటే కస్తూరమ్మ తల ఎత్తి చుట్టూ చూసింది. ఎవరూ చూడకూడదనే ఆ రోజు పెట్టుకుంది; కిటికీల్లోనుంచి, నిచ్చెన మీదనుంచి, బస్సు టాపు మీదనుంచి అందరూ చూస్తున్నారు. ఒక్కరూ నవ్వలేదు. అందరికన్నా గట్టిగా ఏడుస్తున్నది సుగుణ. మునికృష్ణ ఆమెకు తన పైపంచె ఇచ్చాడు.

సరిగ్గా అప్పుడే విద్యాసాగర్‌గారి కారు వచ్చింది. కన్యాదానం ముగించుకుని పట్టుపంచెలోనే వచ్చేశారు. వేలిముద్రల లెక్క చూసి, హెడ్డాఫీసు నుంచి లాన్ ఆయన ఫోనుకు అభినందనలు పంపింది: స్థానిక పండగ రోజున, అందులోనూ అందరూ సెలవులో ఉండగా, పూర్తి హాజరు సాధించిన మొదటి ఫ్యాక్టరీ మీదేనని.

"ఏం జరుగుతోందిక్కడ?" అన్నారు ఆవరణ మధ్యలో నిలబడి. "అమ్మాయ్! నీకు సెలవు తిరస్కరించాం కదా?"

"నేను సెలవులో లేను సార్. డ్యూటీలోనే ఉన్నాను."

"మరి ఈ పెళ్ళి?"

"తల్లిదండ్రుల పెళ్ళి సార్."

"ఆనాడే అడిగాను నిన్ను. తల్లి ఉంది, సరే. తండ్రి ఏడీ?"

ఇంజను గుర్రుమంది. మధ్యాహ్నం ట్రిప్పుకి టైమైంది. రత్నం తలంబ్రాల బియ్యం జుట్టులోనుంచి దులుపుకుంది. అంతవరకు ఆమె ఆ మనిషిని మామా అనే పిలిచింది.

"మా నాన్న బస్సు రివర్స్ చేస్తున్నాడు సార్. మీరు కొంచెం పక్కకు జరగండి."

విద్యాసాగర్‌గారు జరిగారు. పట్టుపంచె కుచ్చిళ్ళు పట్టుకుని మరీ జరిగారు.

తర్వాత కమిటీ చివరిసారిగా సమావేశమైంది. పెళ్ళి అయ్యాకనే సదరు డ్రైవరు తండ్రి అయినందున, పెళ్ళికి ముందు అతను తండ్రి కానందున, సెలవు పెళ్ళికి ముందే తీసుకోవలసినది అయినందున, రత్నం అప్లికేషను అకాలమని తీర్మానించింది. తడికలు తీసేశారు. బోర్డు మీది నిబంధనను సరిచేయమన్నారు. రత్నం కుర్చీ ఎక్కి, ఈసారి దూరానికి కూడా కనపడేంత పెద్ద అక్షరాలతో రాసింది: 'తల్లి పెళ్ళికి గాని, తండ్రి పెళ్ళికి గాని.'

పెళ్ళైన మరునాడు రాజుల తద్దినం. ఫ్యాక్టరీ మూత, కాబట్టి బస్సు లేదు. కాంట్రాక్టు మనిషి గనుక దశయ్యకు జీతమూ లేదు. కొత్త దంపతులకు దొరికిన సెలవు అదొక్కటే. కస్తూరమ్మ తొలివాయి ఇడ్లీలు రెండు తీసి విడిగా పెట్టింది.

"ఎవురికమ్మా?" అంది రత్నం.

"ఆ వియత్నాం రాజులకు. ఎవురో ఏందో, మా మారాజులు. వాళ్ళన్నా ఇచ్చినారు ఒకరోజు."

హెడ్డాఫీసుకు పంపిన దశయ్య పెళ్ళి సెలవు అప్లికేషను మాత్రం ఇప్పటికీ పరిశీలనలోనే ఉంది. అందుకని చిన్న మనవి. వచ్చే శ్రీరామనవమికి మీరూ పందిట్లో కూర్చుని పానకం గ్లాసు ఎత్తుతారు. సీతారాములకు దండం పెట్టుకున్నాక, గ్లాసు దించే ముందు, ఖాకీ చొక్కా మీద బాసికం కట్టుకుని, తాళి కట్టి, ఆ వెంటనే గేరు వేసిన దశయ్యను ఒక్క క్షణం తలచుకోండి. ఆ రోజు పెళ్ళివారినందరినీ ఎవరి స్టాపులో వాళ్ళను భద్రంగా దింపింది ఆయనే.